మేనత్త వేసిన మండలి ఓటు

మొన్న గుంటూరులో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేయడానికి వెళ్తే, బూత్‌లో పేర్ల పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేయడానికి ఊదా రంగు స్కెచ్ పెన్ను చేతికిచ్చారు. మా మేనత్త గుర్తొచ్చింది.

శాసనమండలి మళ్ళీ ప్రాణం పోసుకున్న ఏడాది అది. చిలకలూరిపేట దగ్గర పల్లెలో, మావయ్య పోయాక మిరప చేలు తనే చూసుకుంటున్న అత్తను, ఆడవాళ్ళ సీటని ఎంపీటీసీగా నిలబెట్టి గెలిపించారు. మీటింగుకి వెళ్తే టీ బాగుంటుందనేది ఆవిడ. డిగ్రీ పరీక్షలకు చదువుకోవడానికి నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. మండలిలో మూడో వంతు మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారనీ, మరో మూడో వంతు మందిని తనలాంటి స్థానిక సభ్యులనీ, మిగతావాళ్ళు టీచర్లూ పట్టభద్రులూ ఎన్నుకున్నవాళ్ళూ, గవర్నరు నియమించినవాళ్ళూ అనీ పుస్తకం చూసి చెప్పాను.

"నా ఓటుకి ఇంతుందా!" అని మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే, ఆ ఎన్నికలో పోటీచేస్తున్న ఒకాయన తరఫున సుమోలో ముగ్గురొచ్చారు. పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. "ఒకటి మావాడికెయ్యండమ్మా. రెండు ఆఖరి పేరుకి, మూడు మధ్య పేరుకి. ఈ వరస ఇంకెవరికీ చెప్పలేదు. లెక్కింపులో మీ కాగితం మాకు తెలిసిపోద్ది." వెళ్తూ కల్లంలో ఎర్రగా పరిచిన కాయల వంక చూశాడు. "బాగా ఎండినియ్. నిప్పురవ్వ పడకుండా చూసుకోండి."

ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. నాకు భయమేసింది. "వాళ్ళు చెప్పినట్టే వేసెయ్ అత్తా," అన్నాను.

ఓటేసి వచ్చి, వీధి తలుపేసి, చెప్పింది: "ఒకటి మాత్రమే వేశానే. మనూరికి మంచినీళ్ళు తెప్పించిన మాస్టారికి."

లెక్కింపు అయ్యేదాకా కల్లం చుట్టూ నీళ్ళ బిందెలు పెట్టుకుని కూర్చున్నాం. రోడ్డు మీద ఏ బండి ఆగినా లేచి బిందె అందుకునేవాళ్ళం. వాళ్ళ మనిషే గెలిచాడు. మర్నాడు సుమో మళ్ళీ వచ్చింది.

"మీ వరస కనపళ్ళేదేంటమ్మా?"

"నేనెయ్యలేదు గనక," అంది అత్త.

ఆయన కల్లం వంక ఓసారి చూసి బండెక్కాడు. ఆ ఏడు కాయ క్షేమంగా మిర్చి యార్డుకి చేరింది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. కాలం నా భయాన్ని తీసుకుపోయింది గానీ, 'వేసెయ్ అత్తా' అని ఆవేళ నేనన్న ఆ ఒక్క మాటను మాత్రం నాకే వదిలేసింది.