మొండిరాయిని కరిగించానని చాటుకున్న వైనం

విజయనగరంలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే రోజుల్లో ఒక్క పూటలో నా పరువు, మా గైడు సార్ పరువు కలిపి యాసిడ్‌లో ముంచాను. ఎలాగో చెబుతాను, నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు, నాకు అలవాటైపోయింది.

చాల్కోపైరైట్ అని ఒక రాయి ఉంది. రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. చూడ్డానికి పసిడి, స్వభావానికి మొండిఘటం. యాసిడ్‌లో ఉంచి కరెంటు పెడితే అందులోని రాగి కరిగి బయటికి రావాలి. అది మాత్రం ఒంటికో పొర కప్పుకుని, అలిగిన కొత్తల్లుడిలా ఉలకదు, పలకదు. రెండేళ్లు బతిమాలాను. ఆ ఏడాది ఫలితం చూపించకపోతే నా పీహెచ్‌డీ రద్దు.

రాయిముక్క వెనక రాగితీగ అతికించి, తీగకు యాసిడ్ తగలకుండా చుట్టూ రెజిన్ అనే గట్టిపడే జిగురు పోయాలి. ల్యాబులో ఆ రెజిన్ నిండుకుంది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. నెల ఆగే ఓపికే ఉంటే ఈ కథెందుకు? నరసన్నపేటలో హార్డ్‌వేర్ కొట్టున్న మావయ్యకు ఫోన్ చేశాను.

"మావా, తడి దూరకుండా పూసేది ఏటైనా ఉన్నాదా?"

"పైపుల లీకుకి పూసే ముద్ద ఉన్నాది. యాసిడ్‌కి ఆగదే అమ్మీ, సెప్తన్నాను ఇను."

"నీకేటి తెలుస్తాది మావా, నువ్వు పంపించు!"

ముద్ద పూసి ప్రయోగం మొదలుపెట్టిన మర్నాడే యాసిడ్ నీలంగా మారింది. నీలమంటే రాగి! సార్ గదికి పరిగెత్తాను.

"కరిగిపోతోంది సార్!"

"ఇంత తొందరగానా? మరోసారి చేసి చూడమ్మా."

"కళ్లకు కనిపిస్తుంటే మళ్లీ ఎందుకు సార్?"

పాపం, సార్ కూడా ఆశపడ్డారు. నా పీహెచ్‌డీని తేల్చే కమిటీ పెద్దలను పిలిచారు. నేను గర్వం కొద్దీ మావయ్యను పిలిచాను.

అందరి ముందూ స్విచ్చి వేశాను. నీలం ఇంకాస్త చిక్కబడింది. పెద్దలు తలలూపారు. అంతలో రాయిలోకి వెళ్లే కరెంటును చూపే మీటరు సున్నాకు పడిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నారొకాయన. నెత్తిమీద ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది.

రాయిని పైకి తీశాను. ముద్ద పగిలి రాయి ఊడి ట్రేలో పడింది. వెనక వరసలోంచి మావయ్య లేచి వచ్చి తొంగిచూశాడు.

"ఏటే అమ్మీ, రాయి సెక్కు సెదరనేదు. తీగ ఏదే?"

ముద్ద లోపల ఉండాల్సిన తీగ లేదు. పగుల్లోంచి యాసిడ్ దూరి దాన్ని తినేసింది. నేను గంతులేసిన నీలమంతా ఆ తీగదే. సిగ్గుతో చచ్చిపోయాను. సార్ కళ్లజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు.

"అభినందనలమ్మా. రాగిలోంచి రాగిని తీశావు."

పెద్దలు పగలబడి నవ్వారు. నవ్విన పుణ్యానికి ఆరునెలలు గడువిచ్చారు. ఆ రోజే యాసిడ్ సాక్షిగా శపథం చేశాను: ఏ ప్రయోగమైనా రెండోసారి చేసి చూసేదాకా నోరు విప్పను, పెద్దలను పిలవను, మేనమామలను అసలే పిలవను.