గడ్డిమందు పంపు, ఏడు మళ్ళు

కోవిడ్ తగ్గిన ఏడాది, మృగశిర కార్తె వచ్చిన మర్నాడు, నన్ను సత్తెనపల్లి అవతల ఒక ఊరికి వేశారు. బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తుంటారు. ఆర్డరు కాయితం మీద ‘క్లస్టర్ శిక్షకురాలు, పెరటి తోటలు’ అని ఉంది. ఆ మాట నేనే చదువుకున్నాను, ఎవరినీ అడగలేదు.

మా పనిలో అంతస్తులు మూడు. ఒక్క ఊరు చూసుకునేది గ్రామ కార్యకర్త. ఐదు ఊళ్ళు చూసుకునేది క్లస్టర్ శిక్షకురాలు, నా ఐదింటిలో మొదటిది ఈ ఊరు. ఆ పైన వ్యవసాయ డిగ్రీ చదివిన ప్రాజెక్టు అధికారి. నేను మహిళా సంఘం నుంచి వచ్చినదాన్ని. నలభై రెండో ఏట, పత్తి తీతలు అయిపోయిన వేసవిలో, సంఘం గదిలో మధ్యాహ్నం పూట నడిచే తరగతిలో అక్షరాలు దిద్దాను. కార్యకర్తగా మొదటి మూడేళ్ళు నా రిజిస్టరు వేరేవాళ్ళ చేత రాయించాను. తర్వాత నేనే రాశాను. రాయడం కొత్తగా వచ్చినవాళ్ళకు ఏది రాయాలో ఏది వదలాలో తెలియదు. అందుకని అన్నీ రాసేదాన్ని. గాలి ఎటు వీచిందో కూడా రాసేదాన్ని. తోటి శిక్షకురాళ్ళు ‘హాజరు, విత్తనం, దిగుబడి’ అనే మూడు గడుల్లో టిక్కులు పెట్టి ముగించేవారు. నా పుస్తకం చూసి, పూర్ణక్క పురాణం రాస్తోందని నవ్వేవారు.

ఆ ఊరంతా మిరప, పత్తి. నాలుగైదు ఎకరాల్లో మొక్కజొన్న. కూర మాత్రం ఆటోలో వచ్చేది. గుంటూరు మిరపకాయ పండించే ఇల్లాలు కొత్తిమీర కట్ట కోసం ఆటో హారను ఎప్పుడు వినబడుతుందా అని చెవులు పెట్టుకుని ఉండేది. దానికి మా దగ్గర మందు ఏడు మళ్ళ పెరడు. ఏడాదిలో ఏ రోజు వెళ్ళినా కోసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్నది సూత్రం. అన్నీ ఒకే రోజు విత్తితే అన్నీ ఒకే రోజు అయిపోతాయి. కాబట్టి వారానికొక మడి చొప్పున విత్తాలి. ఆకుకూర మడి ఖాళీ అయ్యేసరికి పక్క మడి అందుకోవాలి. వానాకాలం బీర, బెండ, గోరుచిక్కుడు, చలికాలపు కోతకు చిక్కుడు, టమాటా, పాలకూర, ఎండాకాలం సొర, గోంగూర, తోటకూర. దడి వెంట బంతి, కనకాంబరం, వేసవికి మల్లె. వాకిలి దగ్గర తులసి, వామాకు, నీళ్ళు పారే చోట పుదీనా. నల్లరేగడి వానకు బంకలా పట్టుకుని వేళ్ళకు ఊపిరాడనివ్వదు, ఎండకు చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది. అందుకే మళ్ళను జానెడు ఎత్తు పోయించి, వాటి మీద ఎండుటాకు పరిపించేదాన్ని.

ముందు ఒక నమూనా ఇల్లు ఎంచుకోవాలి. నేను సుబ్బాయమ్మ ఇల్లు ఎంచాను. ఆమెకు చదువు రాదు, నోరుంది. ఊళ్ళో ఏ విషయమైనా ఆ నోటి మీదుగా వెళ్ళాల్సిందే. భర్త కోటయ్య మూడెకరాల మిరప, ఎకరం మొక్కజొన్న రైతు. మొదటి రోజు నేను తాడు పట్టి మళ్ళు కొలుస్తుంటే ఆయన అరుగు మీద కూర్చుని, “ఎకరాలకెకరాలు పండిచ్చే ఊళ్ళో ఈ చాపంత నేల మీద ఏం పండుద్దమ్మా?” అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా సుబ్బాయమ్మ అందుకుంది. “నీ ఎకరాల్లో ఇయ్యాళ కూరకి ఏం దొరుకుద్దో కోసుకురా. అదే వండుతా.”

ఆయన తువ్వాలు దులుపుకుని పొలం వెళ్ళిపోయాడు.

వినాయక చవితి వెళ్ళిన పదిహేనో రోజున జిల్లా నుంచి పరిశీలన ఉందని మాకు ముందే చెప్పారు. నమూనా ఇల్లు నెగ్గితే ఆ ఊళ్ళో ఇరవై ఇళ్ళకు విత్తనాలు, శిక్షణ వస్తాయి. నెగ్గకపోతే ఊరు జాబితాలోంచి పోతుంది, నేను మళ్ళీ గ్రామ కార్యకర్తనవుతాను. నా సంగతి అలా ఉంచితే, ఆ ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు అప్పటికే పెరట్లో పత్తికట్టెతో దడి కట్టుకుని విత్తనం కోసం కాచుకుని ఉన్నారు.

శ్రావణం ముగిసేసరికి ఆ పెరడు చూడడానికి పక్క వీధుల నుంచి వచ్చేవారు. ఒక మడి మీద చిక్కుడు తీగ పందిరంతా కమ్మింది. రెండో మడిలో టమాటా పూత. మూడో మడిలో బెండ. దడి వెంట బంతి మొగ్గ. మిగిలిన నాలుగు మళ్ళలో ఆకుకూరలు తలా ఒక వయసులో ఉన్నాయి. అప్పుడు చిక్కుడుకు పేనుబంక పట్టింది. దీనికి మేము వాడేది వేపగింజల కషాయం. ఎండిన గింజలు దంచి, గుడ్డలో మూటగట్టి, నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, పిండి, కుంకుడు రసం కలపాలి. వేపమండ ముంచి ఆకుల మీద చిలకరించడం మా అలవాటు. సుబ్బాయమ్మకు భుజం నొప్పి, పందిరేమో తలకంటే ఎత్తు. “మా ఆయన మందు కొట్టే పంపు ఉంది గదక్కా, రెండు నిమిషాల పని” అంది. నేను సరే, శుభ్రంగా కడిగి కొట్టమన్నాను. కోటయ్య కడిగాడు. చిక్కుడుకు కొట్టి, మిగిలింది టమాటాకు, బెండకు, బంతికి కూడా పట్టించాడు. ఆకుకూరల జోలికి పోలేదు.

నాలుగో రోజున సుబ్బాయమ్మ ఫోను. “అక్కా, నువ్వు రా. నేను నోటితో చెప్పలేను.”

వెళ్ళి చూశాను. చిక్కుడు లేత ఆకులు ముడుచుకుని, ఈనెలు దగ్గరపడి, మూసిన విసనకర్రల్లా ఉన్నాయి. టమాటా కొమ్మలు ఉంగరాలు తిరిగాయి. బెండ ఆకు చీలికలై సన్నబడింది. బంతి మెడలు వాలిపోయాయి. కోటయ్య నాతో మాట్లాడలేదు, నాకు వినబడేలా గోడతో మాట్లాడాడు. “అక్షరం ముక్క నిన్న గాక మొన్న నేర్చుకున్న మనిషి మాట విని చేస్తే ఇట్టాగే తగలడుద్ది.” మధ్యాహ్నానికి ఊరంతా, పూర్ణమ్మ కషాయం పోసి పెరడు చంపిందన్నారు.

ప్రాజెక్టు అధికారి కుర్రాడే అయినా మర్యాదస్తుడు. ఫోనులో పంపిన ఫొటోలు చూసి, ఇది వైరస్, మిరపలో మనం బొబ్బర అంటామే అలాంటిది, రెండు రోజుల్లో పెరడంతా పీకి తగలబెట్టాలి, లేకపోతే పొలాలకు పాకుతుంది అన్నారు. అంతవరకు ఆ కషాయం ఎవరికీ ఇవ్వవద్దన్నారు. ఆయన చెప్పింది నియమం ప్రకారం సరైనదే. వైరస్ సోకిన మొక్కను ఉంచకూడదు.

నాకు మాత్రం ఆ మడి ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు మిరప తోటల్లో కూలికి వెళ్ళినదాన్ని. బొబ్బర నాకు ఎరుకే. తెల్లదోమ మోసుకొస్తుంది, ఇవాళ ఒక మొక్క, నాలుగు రోజులకు దాని పక్క మొక్క, అలా నడుస్తుంది. ఇక్కడ చిక్కుడు, టమాటా, బెండ, బంతి నాలుగూ ఒక్కసారే వంగాయి. ఒకదానికొకటి చుట్టంకాని మొక్కలు. పందిరి పైన, కోటయ్య చెయ్యి అందని చోట, చిక్కుడు నిగనిగలాడుతోంది. దడి మూలన నాలుగు మొక్కజొన్న మొక్కలున్నాయి, బంతితోపాటు అవీ తడిశాయి. వాటికి ఏమీ కాలేదు. సన్నాకు బతికి వెడల్పాకు చావడం పురుగు పని కాదు, తెగులు పని కాదు.

నా పుస్తకం తీశాను. ఆ రోజు కింద ఇలా రాసి ఉంది: “వేపగింజల కషాయం. కోటయ్య పంపు. ఉదయం. గాలి లేదు.”

కోటయ్యను పిలిచి, అంతకుముందు ఆ పంపుతో ఏం కొట్టారని అడిగాను. మిరపకు పురుగుమందు కొట్టానన్నాడు. దానికి ముందు? మొక్కజొన్నలో వెడల్పాకు కలుపుకు గడ్డిమందు కొట్టానన్నాడు. “అయితే ఏం? రెండు నీళ్ళు పోసి కడిగా గదమ్మా.”

ఆ ప్రాంతపు రైతు ఎవరైనా ఇదే అంటాడు. పురుగుమందుకు రెండు నీళ్ళు చాలు. ఆ కలుపు మందుకు చాలవు. అది గొట్టంలో, వాషర్లలో పట్టుకుని ఉంటుంది. కుంకుడు రసం తగిలితే జిడ్డుతోపాటు ఊడి వస్తుంది. మిరపకు కొట్టినప్పుడు కూడా కాస్త వచ్చే ఉంటుంది. మూడెకరాల్లో నాలుగు చెట్లు వంగితే బొబ్బర ఖాతాలో పోతుంది. చాపంత నేలలో మాత్రం దాక్కోవడానికి చోటుండదు.

నాకు తెలిసినట్టు కోటయ్యకూ తెలియాలి. అధికారికి ఫోను చేసి, మీరిచ్చిన రెండు రోజులు నాకే ఇవ్వండి సార్ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. మిగిలిన టమాటా నారు ఆరు టీ గ్లాసుల్లో నాటాను. కాయితం ముక్కల మీద రాసి అంటించాను. రెండింటికి ‘పంపు’, రెండింటికి ‘కుండ’, రెండింటికి ‘నీళ్ళు’. కుంకుడు రసం పోసి కోటయ్య చేతే పంపు తొలిపించి ఆ కడిగిన నీళ్ళు మొదటి రెండింటి మీద, కుండలోని కొత్త కషాయం వేపమండతో తర్వాతి రెండింటి మీద, ఉత్త నీళ్ళు ఆఖరి రెండింటి మీద చల్లాను. గ్లాసులు అరుగు మీద, ఆయన కూర్చునే చోటే పెట్టాను.

మర్నాడు సాయంత్రానికి అరుగు ముందు పదిహేనుమంది ఉన్నారు. రెండు గ్లాసుల్లో నారు మెడలు తిప్పుకుని పడి ఉంది. నాలుగు గ్లాసుల్లో నిటారుగా ఉంది. సుబ్బాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, “ఆ పడిపోయిందాని మీద ఏం రాశావో పైకి చదువక్కా. ఈయన ఇనాల” అంది.

చదివాను. కోటయ్య గ్లాసు ఎత్తి చూశాడు, కింద పెట్టాడు. “నా పంపే” అన్నాడు.

అప్పుడు నేను చెప్పాల్సింది మిగిలింది. తప్పు ఆయనది కాదు, నాది. పంపు కడగమన్నాను గానీ, అది అంతకుముందు ఏం మోసిందో అడగలేదు. ఊళ్ళో అందరి ముందూ అదే చెప్పి, ఆవకాయ జాడీ సంగతి ఎత్తాను. ఎంత తుడిచినా పులుసులో పెట్టిన గరిటెను జాడీలో ముంచుతామా? జాడీ గరిటె జాడీదే. గడ్డిమందు పంపూ అంతే, పెరట్లోకి రాకూడదు. ఆడవాళ్ళకు ఇంకొక మాట అవసరం లేకపోయింది.

మందు తగిలిన మొక్కలను పీకించాను. ఒక్క కాయ తిననివ్వలేదు, ఒక్క ఆకు ఎరువు గుంతలో వేయనివ్వలేదు. మూడు మళ్ళ పైమట్టి తీయించాను. నాలుగు మళ్ళు నిలిచాయి.

రిపోర్టు నేనే రాశాను, రెండు పేజీలు. ‘పంపు గురించి విచారించకపోవడం శిక్షకురాలి తప్పు’ అన్న వాక్యం దగ్గర అధికారి ఆగి, పూర్ణమ్మ గారూ, ఇది తీసేయవచ్చు, ఎవరూ అడగరు అన్నారు. నా మేలు కోరే అన్నారు. ఉంచమన్నాను. ఆ వాక్యం తీసేస్తే తర్వాత వచ్చే శిక్షకురాలికి ఏం అడగాలో తెలియదు. ఆయన ఉంచి సంతకం పెట్టారు. దాని కింద, తాను వైరస్ అనుకోవడం పొరపాటని ఇంకో వాక్యం తన చేత్తో రాశారు.

పరిశీలనకు వచ్చిన అధికారిణి మూడు బోడి మళ్ళు చూసి కారణం అడిగారు. నేను గ్లాసులు చూపించాను. సుబ్బాయమ్మ ఆగలేదు. “మూడు పోయినయ్యండీ. నాలుగున్నయ్. మీకేం కావాలో చెప్పండి, కోస్తా.” తోటకూర, మెంతికూర, చుక్కకూర, కొత్తిమీర కోసి అరుగు మీద పెట్టింది. అధికారిణి నా పుస్తకం అడిగి తీసుకుని, అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివారు. గాలి సంగతి కూడా చదివారు.

పది రోజులకు జాబితా వచ్చింది. ఆ ఊరు ఉంది. ఇరవై పెరళ్ళు లేచాయి. మరుసటి ఏడాది ఇచ్చిన శిక్షణ పుస్తకంలో పంపు గురించి ఒక పేరా చేర్చారు, జాడీ గరిటె పోలికతో సహా. నేను రిటైరయ్యే వరకు ఆ పాఠం కొత్త శిక్షకురాళ్ళకు నా చేతే చెప్పించారు.

కోటయ్య ఒకనాడు ఎర్ర రంగు డబ్బా తెచ్చి, పంపు నా ముందు పెట్టి, ‘గడ్డిమందు’ అని రాయమన్నాడు. “పెద్దగా రాయమ్మా. మా ఇంటిది చదవలేకపోయినా ఎరుపు చూసుద్ది.” పెద్దగానే రాశాను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవి రెండు. కషాయం ఎలా చేశారని అడిగే ముందు, ఏ పాత్రలోంచి వస్తోందని అడగాలి. పుస్తకంలో మొక్క గురించి, గాలి గురించి ఏ సైజు అక్షరాలతో రాస్తామో, మన తప్పు గురించి కూడా అదే సైజులో రాయాలి.