రెండు చుట్ల సకినాలు

బిడ్డను అత్తగారింటికి పంపడానికి పన్నెండు రోజులుందనగా నా భార్య బాత్రూంలో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. మొదటి కాన్పుకు వచ్చిన బిడ్డ ఐదు నెలల పసివాడితో కోరుట్లకు తిరిగిపోతోంది. వెంట సారె పోవాలి. సారె అంటే మా సిరిసిల్లలో ముందు సకినాలే. గంపలు అక్కడ దిగాక వియ్యపురాలు వాటిని వాడలో ఇంటింటికీ పంచుతుంది.

పెళ్ళిళ్ళ రోజులు. సకినాలు చుట్టడం వచ్చిన ఆడవాళ్ళంతా ఎవరో ఒకరింట్లో కూర్చున్నారు. ఈసారికి స్వీటు దుకాణంలో తెద్దామన్నాను.

నా భార్య కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "వాడకట్టుల అందరి బిడ్డలకు నేనే సుట్టిన. నా బిడ్డ గంపల దుకాణం సకినాలు పెడ్తవా?"

ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చెప్పి సముదాయించేవాణ్ణి.

"అయితె నేనే సుడ్త" అన్నాను.

"సాంచె నడిపినట్టనుకున్నవా?" అంది. సాంచె అంటే మరమగ్గం. ముప్పై ఏళ్ళుగా మా ఇంటికి తిండి పెడుతున్నది అదే.

నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకా. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. నక్షత్రాల గురించి, నేలల గురించి, గుండె కొట్టుకునే తీరు గురించి అక్కడే తెలుసుకున్నాను. సకినాలు కూడా దొరుకుతాయనుకుని వెళ్ళాను. ఒక వంటల పుస్తకంలో దొరికాయి. బియ్యం నానబెట్టి గిర్నీలో తడిపిండి పట్టించడం, ఉప్పు, నువ్వులు, వాము కలపడం, అన్నీ వివరంగా ఉన్నాయి. పిండిని వేళ్ళతో మెలితిప్పుతూ గుండ్రంగా చుట్టే పనికి మాత్రం ఒక్క వాక్యం. దాన్ని కాగితం మీద ఎక్కించుకుని వచ్చాను.

రోజూ పొద్దున్నే సాంచె దగ్గరికి పోయేముందు కొంచెం పిండితో కూర్చునేవాణ్ణి. పిండి తీగ సగం చుట్టులో తెగేది. తెగిన పోగును అతకడం నా వేళ్ళకు వచ్చు గానీ పిండి దగ్గర ఆ నేర్పు పనికిరాలేదు.

పక్కింటామె గుమ్మంలోంచి తొంగిచూసింది. "అన్నా, గవి సకినాలా, జిలేబీలా? పాకం తెమ్మంటవా?"

బిడ్డ పకపకా నవ్వింది. "బాపూ, నేనొక్కటి సుట్టనా?"

"నీ సారె నువ్వే సుట్టుకునుడేంది బిడ్డా? కూసో" అన్నాను.

సకినానికి మూడు చుట్లుండాలి; ఆరో రోజుకు రెండు తెగకుండా వచ్చాయి. మర్నాడు నా భార్య చెయ్యి చూపించుకోవడానికి జగిత్యాల బస్సెక్కింది. ఆమె వచ్చేసరికి ఒక గంప నింపాలని పట్టుబట్టాను. సాంచె మీది నుంచి దిగిన కొత్త తెల్లగుడ్డ పరిచి, నడుము పట్టేసేదాకా చుట్టాను. చాలాసేపు ఆరనిచ్చాను. తీయబోతే సగం ముక్కలయ్యాయి. నిలిచినవాటిలో ఒకదాన్ని నూనెలో వేస్తే టప్పున పేలింది. మోచెయ్యి దాకా బొబ్బలు. బిడ్డ పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పేసింది.

సాయంత్రం నా భార్య వచ్చి, ఎడమచేత్తో ఆ గుడ్డను తడిమింది.

"ఇది పాలిస్టరు కదయ్యా! నీళ్ళు గుంజుతదా? సకినాలు పాత నూలుచీర మీద పోస్తరు."

నూలు నీటిని పీలుస్తుందని, పాలిస్టర్ పీల్చదని నేను చదివాను. పదిమందికి చెప్పాను కూడా. ముప్పై ఏళ్ళుగా నేసేది ఆ గుడ్డే. బొబ్బలకు మందు రాసుకుని, మళ్ళీ బియ్యం నానబోశాను.

రెండు రోజులు పని మానేశాను. నా భార్య తన మెత్తటి పాత చీరలు పరిపించి, పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. "చెయ్యి ఊపకు, బొటనేలు తిప్పు. గట్ల. ఆగకు, ఆగితె తెగుతది." మూడో చుట్టు మాత్రం ఎంత తంటాలు పడ్డా రాలేదు. రెండు చుట్లతోనే రెండు గంపలు నిండాయి.

వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల చేరాం. వియ్యపురాలు గంప మీది గుడ్డ తీసి, ఒక సకినాన్ని పైకెత్తి చూసింది.

"రెండు సుట్లేనా? ఎవలు సుట్టిన్రు వదినె?"

నా భార్య తల దించలేదు. "మీ అన్ననే. మా ఇంట్లనే సుట్టిండు."

వియ్యపురాలు నా వైపు చూసింది, చేతిలోదాన్ని చూసింది, కొరికింది. మేమిద్దరం ఆమె నోటి వైపే చూస్తున్నాం.

"సుట్లు తక్కువున్నయి గని, మంచిగ గుల్లగున్నయి" అని నవ్వి, పళ్ళేలు తెమ్మని కోడలిని కేకేసింది. వాడలోకి ఒక్కొక్క పళ్ళెం పోతుంటే "మా కోడలి బాపు సుట్టిండట!" అని అరుగు మీది నుంచే చెబుతోంది. చివరి పళ్ళెం వెళ్ళేదాకా నా భార్య గడప దగ్గరి నుంచి కదల్లేదు.

తిరుగు బస్సులో అంది, "చెయ్యి బాగైనంక మూడో సుట్టు నేర్పిస్త తియ్."

"గప్పటిదాక ఎందుకు? చెప్పెటందుకు నీకు నోరున్నది కద. రేపే బియ్యం నానబోస్త" అన్నాను.