కార్డు తీసేసినా నడిచిన కంప్యూటర్

రేడియో మావయ్య పోయారని సంత నుంచి వచ్చిన మా అమ్మ చెప్పింది. షాపు మూసి ఉందట, షట్టరుకి ఎవరో బంతిపూల దండ కట్టారట. నెత్తి మీది బుట్ట దించకుండానే ఈ మాట చెప్పింది. నాకు దుఃఖం కన్నా ముందు కంగారు వచ్చింది. ఆయన్ని ఒక మాట అడగాలని రెండేళ్లుగా అనుకుంటూ అడగలేదు. ఇక అడగడానికి ఎవరున్నారు?

ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చి అరకు సంత పక్కన రిపేరు షాపు పెట్టుకున్నారు. కొండ మీది మా ఊళ్లలో రేడియోలు, టార్చిలైట్లు బతికి ఉన్నాయంటే అది ఆయన చేతి చలవే. విప్పిన స్క్రూలన్నీ సాసర్లో వేసుకుని, కాసేపటికి అదే సాసర్లో టీ పోసుకోబోయేవారు. "మింగీ, ఒంట్లో ఇనుము పెరుగుతాది" అని ఆయన భార్య రోజూ తిట్టేది. చిన్నప్పటి నుంచి చూశాను, ఏ వస్తువు పట్టుకెళ్లినా "తెలీదు" అనగా వినలేదు. "ఉండు, సూద్దాం" అనేవారు.

లోపలి డిస్కు పాడైందని ఎవరో టూరిస్టు ఒక ల్యాప్‌టాప్ ఆయనకి వదిలేసి వెళ్లాడు. రెండు నెలలు కుస్తీ పట్టి, కెమెరాల్లో వేసే తపాలా బిళ్లంత కార్డు మీద సిస్టమంతా ఎక్కించారు. ఆ కార్డు పక్క గాడిలో పెట్టి స్విచ్చి నొక్కితే పెట్టె లేచేది.

"దీని బుర్రంతా ఈ బిళ్లలోనే ఉందే గుంటా."

"మరి పెట్టెలో ఏముంది మావయ్యా?"

"ఒళ్లు."

నాకు అర్థం కాలేదు. డిగ్రీ చదువుతున్నాను కదా, అర్థమైనట్టే తలూపాను.

పోడు భూములకి పట్టాలిస్తారన్నప్పుడు మా ఊళ్లో టైపు వచ్చింది నాకొక్కదానికే. మర్నాటితో గడువు అయిపోతుందనగా, పద్దెనిమిది కుటుంబాల దరఖాస్తులు నా నెత్తిన పడ్డాయి. సంత రోజు పొద్దున్నే ఆయన షాపులో కూర్చున్నాను. ఒక్కొక్కరూ వచ్చి తమ పొలానికి ఏ దిక్కున ఏముందో చెబుతున్నారు, నేను కొడుతున్నాను. మధ్యలో పొలాల ఫోటోలు చూడాల్సి వచ్చింది. ఉన్నది ఒకటే గాడి. ఆయన కార్డు పీకేసి, ఫోటోలున్న కెమెరా కార్డు పెట్టాను. పెట్టె ఆగలేదు, శుభ్రంగా నడిచింది. ఇంకేం, మధ్యాహ్నం దాకా అలాగే కొట్టాను. చెప్పాల్సింది చెప్పి అందరూ జీపులెక్కి వెళ్లిపోయారు. మా అయ్య రాలేదు. మాది నాకు తెలీదా ఏమిటని నేనే రాసేశాను.

భోజనం చేసి వచ్చిన మావయ్య బల్ల మీద కార్డు చూసి కొయ్యబారిపోయారు.

"ఇదెందుకు తీశావే? పొద్దున లేచినప్పుడు దీంట్లోంచి తెచ్చుకున్న జ్ఞాపకంతో నడుస్తంది అది. నువ్వు కొట్టిందేదీ ఎక్కడా రాసుకోలేదు. బేటరీ ఎప్పుడో పోయింది. కరెంటు పోతే అన్నీ పోతాయి."

గబుక్కున కార్డు అందుకున్నాను. "మళ్లీ పెట్టేస్తాను మావయ్యా!"

"ఆగు. పెడితే ఏటవుద్దో నాకు తెలీదు."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు, అదే ఆఖరు. కార్బన్ కాగితాలు తీశారు. నేను తెర మీద చూసి చదువుతుంటే ఆయన చేత్తో రాశారు. ప్రతి దరఖాస్తుకీ ఒక నకలు. ఫ్యాను కొంచెం మెల్లగా తిరిగినా ఇద్దరం పైకి చూసేవాళ్లం. పదిహేడు అయ్యాయి. మాది వచ్చేసరికి ఆయనే తెర మీదికి వంగారు.

"తూర్పున కొండ, పడమరన కొండ... నాలుగు దిక్కులా కొండే రాశావేటే?"

"మాకు చుట్టూ కొండే కదా."

ఆయన నవ్వలేదు. పెన్ను జేబులో పెట్టుకుని పెట్టె స్విచ్చి ఆపేశారు. కరెంటు పోలేదు, ఆయనే ఆపేశారు. "పద, మీ అయ్యనే అడుగుదాం" అని షట్టరు దించేశారు. చినుకుల్లో మా ఊరొచ్చి, అయ్య వెనకాలే పొలమంతా తిరిగి, మోకాలి మీద కాగితాలు పెట్టుకుని రాశారు. మా తూర్పు హద్దు కల్లు తీసే ఒక జీలుగు చెట్టని నాకు ఆ రోజే తెలిసింది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఏడాదికి పట్టా వచ్చింది. కొలతకి వచ్చినవాళ్లు ఆ కాగితం చదువుకుని నేరుగా ఆ చెట్టు దగ్గరికే నడిచారు. ఆ తర్వాత విశాఖలో కంప్యూటర్లు తెలిసిన ఒకావిడకి ఈ కథ చెబితే ఆవిడ నవ్వింది. కార్డు మళ్లీ పెట్టి సేవ్ చేసుకుంటే చాలా వరకు దక్కేదట. మరి రెండు నెలలు దాంతో కుస్తీ పట్టిన మనిషికి అది తెలీదా? నిజంగానే భయపడ్డారా? పదిహేడూ కాగితం మీదికి ఎక్కాయి కనుక ఇక పెట్టెతో పని లేదనుకున్నారా? లేక ఆ నాలుగు కొండలూ చూసి కావాలనే ఆపేశారా? ఎటు ఆలోచించినా తెగదు. ఒకసారి ఒకటి నిజమనిపిస్తుంది, ఇంకోసారి ఇంకోటి. అడిగితే చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను. ఊరుకుని తప్పు చేశాను.

మావయ్య పోయారని అయ్యకి చెప్పాను. లోపలికెళ్లి రేకు పెట్టెలోంచి కార్బన్ నకలు తెచ్చాడు. అయ్యకి చదువు రాదు. మడత విప్పి, వేలితో ఒక్కో వరుసా దిగుతూ సరిగ్గా తూర్పు హద్దు దగ్గర ఆగాడు. అక్కడ అక్షరాలు కొంచెం చెదిరి ఉన్నాయి.

"ఇక్కడ వాన సుక్క పడ్డాది. ఆ బాబు సొక్కాతో ఒత్తి మళ్లీ రాశాడు," అన్నాడు.

చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు.