మూడో బెంచీలో కూర్చున్నవాడు

దయ్యాలంటే నాకు నవ్వులాట. మా ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే వేపమండలు పట్టుకుని హడావిడి చేసేవాళ్లను ఎగతాళి చేసినవాణ్ణి. సైన్యంలో ఉండగా శవాల పక్కనే పడుకుని నిద్రపోయాను. ఏ శవమూ లేచి రాలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది రామన్నపేట దగ్గర పల్లె. మా నాన్న, బాపు అనేవాణ్ణి, మగ్గం నేసేవాడు. నేను నల్గొండలో ఎం.ఏ. చరిత్రలో చేరిన ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. చదువు వదిలి సైన్యానికి పోయాను. బయలుదేరేటప్పుడు బాపు వంకరపోయిన నోటితోనే, "మళ్లొచ్చి సదువుకో బిడ్డా, ఇడిసిపెట్టకు" అన్నాడు. సరిహద్దులో కాల్పులు ఆగకుండా సాగిన రోజుల్లో కూడా ఆ మాట పట్టుకునే బతికాను.

ఒక తెల్లవారుజామున పొగమంచులో కంచె కత్తిరించి కొందరు లోపలికి వచ్చారు. నా పక్కనున్న జవాను గొంతులో తూటా దిగి నా మీదే కూలాడు. నా తొడలోనూ ఒకటి దూరింది. నా తుపాకి మొరాయించింది. మీదికి దూకినవాణ్ణి కింద పడేసి తుపాకి మడమతో దవడ మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అయినా కొడుతూనే ఉన్నాను. వాడు కదలడం మానేశాక చూస్తే, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. పెనుగులాటలో వాడి ఒక కాలి బూటు ఊడిపోయింది.

తొడ గాయంతో సైన్యం నుంచి బయటికొచ్చి మళ్లీ ఎం.ఏ.లో సీటు తెచ్చుకున్నాను. అప్పటికి బాపు లేడు. క్లాసులో అందరూ చిన్నవాళ్లు, నన్ను అన్నా అనేవారు. మూడో బెంచీలో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం మేడమ్ పాఠం చెబుతూ బోర్డు మీద రాస్తున్నారు. పచ్చి రక్తం వాసన వచ్చింది. పక్కకు తిరిగితే వాడు కూర్చుని ఉన్నాడు. పగిలిన దవడ ఒక పక్కకు వేలాడుతోంది.

నేనేమీ ఆలోచించలేదు. వాడి మీద పడ్డాను. ఒక చేత్తో గొంతు పట్టుకుని రెండో చేత్తో గుద్దాను, గుద్దుతూనే ఉన్నాను. కుర్రాళ్లు వెనక్కి లాగేసరికి బెంచీ చెక్క చీలిపోయి ఉంది. నా పిడికిలి చితికి ఎముక తెల్లగా కనబడుతోంది. ఆపడానికొచ్చిన ఒకరి ముక్కు కూడా పగలగొట్టానట.

ప్రిన్సిపాల్ తన గదికి పిలిపించారు. "యుద్ధం చేసొచ్చినోనివి, నీ మీద గౌరవముంది. కానీ పిల్లల నడుమ నిన్నెట్ల ఉంచాలె? సర్టిఫికెట్లు తీస్కపో" అన్నారు.

నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్న స్వప్న అప్పుడు నోరు విప్పింది. నకిరేకల్ నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. నా వెనక బెంచీలో కూర్చుంటుంది.

"సార్, అన్న ఉత్తగనే కొట్టలే. ఆడ ఒక పిలగాడు కూసున్నడు. మొఖమంత రక్తం. ఒక కాలుకు బూటు లేదు. గాయన ఎవరని నేను అడిగేలోపల్నే అన్న లేసిండు."

బూటు సంగతి నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

ప్రిన్సిపాల్ నమ్మలేదు. కానీ సర్టిఫికెట్ల మాట మళ్లీ ఎత్తలేదు. దవాఖానలో చూపించుకుని, డాక్టరు సరేనంటేనే క్లాసుకు రమ్మన్నారు.

యుద్ధం చూసినవాళ్లకు ఇలాంటివి కనబడతాయని డాక్టరు చెప్పారు. మందులు వాడాను. వాడు మళ్లీ కనబడలేదు. చదువు సాగింది. నేను చూసినదానికి డాక్టరు మాట సరిపోతుంది. స్వప్న చూసినదానికి ఎలా సరిపోతుంది?

చివరి పరీక్ష రాసిన రోజు బస్టాండులో ధైర్యం చేసి ఆమెను అడిగాను. "నేను కొడుతుంటే వాడేం చేసిండమ్మా?"

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"ఏం చెయ్యలే అన్నా. నీ దిక్కు సూడనే లేదు. నీ చేతుల సందుల నుంచి బోర్డు దిక్కే సూస్తున్నడు."

నకిరేకల్ బస్సు వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. వాడు ఆ గదికి ఎందుకొచ్చాడో, ఆమెకెలా కనబడ్డాడో నేను ఇవాళ్టికీ చెప్పలేను.