టోపీ నీడలో

ఆ మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం బస్టాండులో నీడున్న చోటల్లా జనమే. ఆరునెలల పాపతో ఎండలో నిలబడ్డాను. పాపకు వడదెబ్బ తగులుతుందేమోనని ఒకటే భయం. అందుకే ఫ్యాషన్ అని కొన్న వెడల్పాటి గడ్డి టోపీ పెట్టుకున్నాను. దాని నీడ పాప ముఖం మీద కూడా పడేది. అమ్మమ్మ, అమ్మ ఎప్పుడూ ఎండకు కొంగే కప్పుకునేవారు. మా ఇంట్లో టోపీ పెట్టిన మొదటి ఆడదాన్ని నేనే.

"అక్కా, బీచ్ ఎటు దిక్కు?" అన్నాడు ఒక కాలేజీ అబ్బాయి. చుట్టూ నవ్వారు. సిగ్గేసి టోపీ తీసేశాను. ఎండ తగలగానే పాప ఏడుపందుకుంది.

పక్కన తలమీద కొంగుతో నిలబడిన పెద్దావిడ నావైపు తిరిగింది.

"ఎందుకు తీసినవ్ బిడ్డా?"

"అందరు నవ్వుతున్నరు పెద్దమ్మా."

"మగోళ్లు మనకు టోపీ పెడ్తె ఎవ్వరు నవ్వరు. మనం పెట్టుకుంటెనే నవ్వొస్తదా?" అంది, అందరికీ వినబడేలా. ఈసారి ఆడవాళ్లు నవ్వారు.

ఆమే టోపీ నా తలమీద పెట్టి, అంచు పాప వైపు వంచింది. తర్వాత తన తల కూడా దాని కిందికి తెచ్చింది.

"నాకు గూడ జర జాగ ఇయ్యి."

బస్సు వచ్చేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం.

ఆ టోపీ ఈమధ్య పాతబడింది. ఈసారి ఇంకాస్త పెద్ద అంచున్నది కొన్నాను.