నేను చూసిన నెలవంక

మొన్న కళ్ళ డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే, ఒక్కోదానికీ "అనుకుంటాను" అని తోక తగిలించి చదివాను. ఆయన విసుక్కున్నాడు. ఈ తోక పుట్టుకతో వచ్చింది కాదు, నా తెలివితక్కువతనం సంపాదించి పెట్టింది. పంతొమ్మిది వందల డెబ్భైలలో, హైదరాబాదు ఉప్పుగూడలో కాపురముంటూ ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో, "ఏమో" అన్న మాట నా నోట వచ్చేది కాదు. రైలు ఎప్పుడొస్తుందో, వాన ఎప్పుడు పడుతుందో ఖాయంగా చెప్పేవాణ్ణి. నేను చెప్పిన వేళకు రాకపోతే తప్పు రైలుదే.

పక్కింటి పెద్దాయనను చాచా అనేవాళ్ళం. ఆయనకు చూపు మందగించింది. ఆ ఏడు రంజాన్ ఇరవై తొమ్మిదో నాటి సాయంత్రం మబ్బు పట్టింది. నెలవంక కనిపిస్తే మర్నాడే పండుగ, లేదంటే ఇంకో రోజు ఉపవాసం. గల్లీ అంతా మిద్దెలెక్కింది. చాచా నా భుజం పట్టుకుని, "నీ కండ్లతోని జర జూడు బేటా" అన్నాడు. పడమటి మబ్బుల సందులో సన్నగా, వంపుగా ఏదో మెరిసింది. వేలెత్తి చూపించాను. ఇంకోసారి చూడమన్నాడు. నేను చూశాక ఇంకోసారెందుకు? ఆ మాట పట్టుకుని ఆయన మసీదుకు నడిచాడు. చాచీ పండుగ పాయసం షీర్ ఖుర్మాకు పాలు పొయ్యి మీద పెట్టేసింది.

స్వయంగా చూశావా అని పెద్దలు అడిగారట. లేదు, పక్కింటాయన చూశాడు, అతని మాట తప్పదు అన్నాడట చాచా. మరెవరికీ కనబడలేదు. ఎవరో నవ్వారట. ఏనాడూ మాట పడని మనిషి నలుగురిలో తల దించుకుని తిరిగొచ్చాడు. నేనైనా ఊరుకున్నానా? గుమ్మంలోనే ఆపి, కళ్ళారా చూశానని వాదించాను.

ఆయన మెట్టు మీద కూర్చుని మెల్లగా అన్నాడు: "నీ మీద నాకు షక్ లేదు, అనుమానం లేదు బేటా. గని నీ కండ్ల మీద నీకు జరంత షక్ ఉండాలె. చాంద్ మీద షక్ ఉంటె మేం ముప్పై రోజాలు పూర జేస్తం. గదే మా కాయిదా, మా పద్ధతి."

మర్నాడు మిద్దెక్కితే సరిగ్గా ఆ దిక్కునే ఎదురింటి రేడియో ఏరియల్ తీగ, కొస వంగి, ఎండకు తళతళలాడుతోంది. కింద ఎండిన పెదాలతో ముప్పయ్యో ఉపవాసంలో ఉన్న చాచాకు ఆ సంగతి చెప్పేసరికి నా ప్రాణం సగమైంది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. పక్కన కూర్చోమని జరిగాడు. తిట్టినా బాగుండేది. ముందే కాస్త అనుమానం ఉంటే ఇంత అవమానం తప్పేది. అప్పటినుంచి ఆఫీసులో ఏ కాగితమైనా రెండుసార్లు చూసేవాణ్ణి; నా తప్పులు చాలావరకు నాకే దొరికేవి.

గల్లీ మరిచిపోయినా మా ఆవిడ మరవలేదు. పప్పులో ఉప్పు చూడమన్నా, "సక్కగ జూడుండ్రి, నెలవంకను జూసినట్టు గాదు" అనేది. ఓసారి పత్తర్‌గట్టి దుకాణంలో రెండు చీరలు చెరో భుజాన వేసుకుని ఏది బాగుందని అడిగింది. చాలాసేపు చూశాను. దగ్గరికెళ్ళి చూశాను. "రెండు మంచిగనే ఉన్నట్టున్నయి గని, ఖాయంగ జెప్పలేను" అన్నాను. దుకాణందారు ఇంకో కట్ట విప్పాడు. నా జవాబు మారలేదు. చివరికి ఆమె ఏదీ తేల్చుకోలేక, ఉత్త చేతులతో, నాకు పదడుగుల ముందు ఇంటిదారి పట్టింది. తప్పు చేసినవాడికి కాలం మెల్లగా నడుస్తుందని చాచా పక్కన కూర్చున్ననాడే తెలుసు. ఎగతాళికి కక్ష తీర్చుకున్నవాడికి ఇంకా మెల్లగా నడుస్తుందని ఆ దారిలోనే తెలిసింది.